గోడవార సాళ్లు

విత్తనాలకు ముందు

మక్కజొన్న మడి చూసుకునేవాడు ప్రతి పంటకూ దినచర్య రాసిపెట్టాలని గట్టయ్య మామ హుకుం. నోటితో చెబితే గోడలోని యంత్రమే రాసుకుంటుంది గానీ దానికి మా యాస అంతుపట్టదు. నేను తిట్టిన తిట్లు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తుంది. అందుకే చేత్తో రాస్తున్నాను. రోజూ రాయమన్నాడు. మక్క రోజూ పెరుగుతుందే తప్ప రోజూ కబుర్లు చెప్పదు. పైరు మారినప్పుడల్లా రాస్తాను, చాలకపోతే ఆయనే వచ్చి రాసుకోవచ్చు.

ఇవాళ పొద్దంతా గాజు కప్పు మీద దుమ్ము దులిపించడంతోనే సరిపోయింది. బయట ఎర్ర దుమారం ఆగడం లేదు. అసలే ఈ గ్రహం మీద సూర్యుడు పీనాసి. ఇచ్చే కాస్త వెలుగూ దుమ్ము పాలైతే మక్క ఏం తిని బతకాలి? మా ఊరి పేరు కొత్త మానేరు. పేరులో ఏరుంది, ఊళ్లో చుక్క పారదు. మా ముత్తాతలు కరీంనగర్ నుంచి వస్తూ ఆ పేరునూ మక్క గింజలనూ పసుపు కొమ్ములనూ మూటగట్టుకొచ్చారు. నీళ్లు మాత్రం మంచు తవ్వి కరిగించుకుంటున్నాం.

సంగతేమిటంటే, భూమి నుంచి రావాల్సిన ఓడ ఈసారీ రాలేదు. ఓడ రాకపోతే యూరియా లేదు. గోదాంలో ఉన్న బస్తాలు సగం పంటకు కూడా చాలవు. మా మట్టి ఏమన్నా నల్లరేగడా? రాయిని పిండిచేసి, ఉప్పు కడిగి, పెంట కలిపి మేం తయారుచేసుకున్న మట్టి. యూరియా పోయకపోతే అందులో మక్క కాదు, గడ్డి కూడా మొలవదు.

గట్టయ్య మామ ఊరి పెద్ద. నిన్న నిచ్చెన వేసుకుని గింజలు పోసే గరిసె లోపలి గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీశాడు. "ఈ గీతదాక గింజలొస్తె అందరం ఉందాం. రాకుంటె ఒంటి మనుషులను ఉత్తరపు ఊరికి పంపుడే. ఆడ పాచి చెరువులున్నయి, ఆకలికైతె సావరు" అన్నాడు. ఉత్తరానికి పోయే బండి అటే పోతుంది. ఇటు తిరిగి రావడానికి దానికి శక్తి చాలదు.

ఒంటి మనుషుల్లో మొదటి పేరు మా కనకక్కది. బావ పోయిన చలికాలం గాలి ద్వారం బాగుచేస్తూ పోయాడు. పిల్లల్లేరు. మా అమ్మ పోయాక గటక కలిపి నోట్లో పెట్టి నన్ను పెంచింది ఆ అక్కే. ఆమెను బండెక్కించి చెయ్యూపి ఇంటికొచ్చి అన్నం తినగలనా? నా వల్ల కాదు. ఈ పంట గీత దాటాలి.

విత్తనాల రోజు

ఆశ అంతా ఫర్హానా గాజు సీసాల మీద. ఫర్హానా మా ఊరి మట్టి పరీక్షలు చేసే పిల్ల. పొట్టిది, నోరు పెద్దది. భూమి మట్టిలో బతికే సూక్ష్మజీవులను తెప్పించి ఇన్నాళ్లూ గంజి పోసి సాకింది.

"అన్నా, ఇవి గాలిల ఉన్న నత్రజనిని పట్టి వేర్లకు తినిపిస్తయ్. యూరియా సగం పని ఇవే చేస్తయ్. జర ఓపిక వట్టాలె, గంతే" అంది.

అక్క సీసా మూత తీసి వాసన చూసింది. "పాలల్ల తోడేసినట్టే గద బిడ్డా. మట్టికి తోడేస్తున్నమన్నట్టు" అంది. అప్పటినుంచి ఊరంతా దాన్ని తోడు అనే అంటున్నారు. మా ఇళ్లలో పల్లీ పాల పెరుగు తోడు పోయిందంటే పక్కింటి నుంచి గిన్నెలో తెచ్చుకుంటాం కాబట్టి ఆ మాట ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

ఫర్హానా కుండీల్లో పెంచిన మక్క ముదురు పచ్చ తిరిగి నల్లగా నిగనిగలాడింది. ఆ కుండీలు చూశాకే గట్టయ్య మామ మడి మొత్తానికీ ఒప్పుకున్నాడు.

ఇవాళ విత్తాం. ఎప్పటిలాగే గింజల బుట్టలు నిన్న ఇంటింటికీ తిరిగాయి. మా ఆవిడ రాజమణి, మిగతా ఆడవాళ్లూ గింజలకు పసుపు పట్టించి, మొక్కి, ఆరబెట్టి పొద్దున్నే మడికి తెచ్చారు. గంజిలో తోడు కలిపి ఆ గింజలకే పట్టించి, నీడన ఆరనిచ్చి సాళ్లలో వేశాం. పచ్చటి గింజలు ఎర్ర మట్టిలో పడుతుంటే కళ్లకు పండగలా ఉంటుంది. ఎన్ని పంటలు తీసినా నాకు ఆ దృశ్యం మీద మోజు తీరలేదు.

అక్క దూరంగా నిలబడింది. భర్త పోయినవాళ్లు పసుపు ముట్టరు, విత్తనం వేయరు అని ఇంకా మావాళ్లలో ఉంది. కోట్ల మైళ్లు దాటి వచ్చాం గానీ కొన్ని మూటలు దించుకోలేదు. మనుషులు చాలక పని సాగడం లేదు, నేనే అక్కను కేకేశాను. రాజమణి పసుపు గింజల బుట్ట అందించబోతే అక్క వెనక్కి జరిగింది.

"నాకెందుకే పిల్లా పసుపు? డబ్బల ఉత్త గింజలుంటె ఇయ్యి. ఆ గోడవార రెండు సాళ్లు నేనేస్త, ఎవ్వరి కండ్లల్ల వడకుంట."

డబ్బాలో గింజలకు తోడు పట్టించి ఇచ్చాను. గోడవార వంగి, ఒక్కో గింజా వేసి పాదంతో మట్టి కప్పుకుంటూ పోయింది.

మొలక

అన్నీ మొలిచాయి. ఒక్క గింజా వమ్ము కాలేదు. ఫర్హానా మడంతా కోడిపిల్లలా తిరుగుతోంది. ఇవాళ రాయడానికి ఇంతకంటే లేదు. సంతోషంగా ఉన్నప్పుడు మనిషి ఎక్కువ రాయడని తెలిసింది.

మోకాలెత్తు

ఎక్కువ రాయాల్సిన రోజు వచ్చింది.

కింది ఆకులు పండుతున్నాయి. కొస నుంచి మొదలై నడిమి ఈనె వెంబడి లోపలికి పసుపు దిగుతోంది. ఆకలేసిన మక్క అలాగే చెబుతుంది. తోడు పని చేసి ఉంటే ఈపాటికి ఆకు నల్లబడాలి. ఫర్హానా రెండు రోజులుగా మాట్లాడటం లేదు. ఆ నోరు మూతపడిందంటే నాకు భయం.

చిత్రమేమిటంటే గోడవార రెండు సాళ్లు మాత్రం కుండీల్లోని మక్కలా ఉన్నాయి. గోడలో వేడి గొట్టం ఉంది కదా, ఆ వెచ్చదనమేమో అనుకున్నాను. అవతలి గోడలోనూ గొట్టం ఉంది, అక్కడి మక్క పండిపోయే ఉంది.

నీళ్లు కట్టేవాళ్లు కాలవ దగ్గర కూర్చుని అనుకుంటున్నారు. "పసుపు తీసేసిన చెయ్యిని మడిల వెట్టనిస్తె గిట్ల గాక ఎట్లయితది?" అని. అక్క నా వెనకే ఉంది. విన్నది. చేతిలో పార గోడకు ఆనించి వెళ్లిపోయింది.

"ఆమె ఏసిన సాళ్లే కండ్లకు సల్లగ ఉన్నయి, కనవడ్తలేదారా? మీ చేతులకు పసుపున్నది, ఏం పండిచ్చిండ్రు?" అని వాళ్లమీద పడ్డాను. ఇంకా చాలా అన్నాను. గోడలోని యంత్రం అంతా రాసుకునే ఉంటుంది, గట్టయ్య మామ కావాలంటే చదువుకోవచ్చు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్తే బట్టలు మడతపెడుతోంది. చిన్న మూట. "ఎట్లయిన పోవుడే గద తమ్మీ. ముందుగాల సదురుకుంటె అయిపాయె" అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆమె నవ్వి, నా తల మీద ఒకటి వేసి, పెరుగు గిన్నె చేతిలో పెట్టి పంపించింది.

మోకాలెత్తు, మర్నాడు

పొద్దున్నే గోడవార ఒక మొక్క, నడి మడిలో ఒక మొక్క పీకాను. నడి మడి మొక్క వేళ్లు కడిగి ఆరేసినట్టు తెల్లగా వచ్చాయి. గోడవార మొక్క వేళ్లకు మట్టి అంటుకుని ఉంది. దులిపినా రాలదు. తోడు బతికి ఉంటే వేరు మట్టిని అట్లా పట్టుకుంటుందని ఫర్హానా ముందే చెప్పింది. అంటే గోడవార తోడు బతికింది, మిగతా మడిలో చచ్చింది. అదే సీసా, అదే గంజి, అదే రోజు. ఎవరు చంపారు?

రెండు మొక్కలూ చేతిలో పట్టుకునే ఇంటికి వచ్చాను. రాజమణి పొయ్యి మీద గటక కలుపుతోంది. పక్కింటి పిల్ల మోకాలు దోక్కుపోయి ఏడుస్తూ కూర్చుంది. రాజమణి గరిటె పక్కన పెట్టి, పసుపు తడిపి దెబ్బ మీద అద్దింది.

"ఊకో బిడ్డా. పసుపు వెట్టిన గద, ఇగ పుండుల పురుగు వుట్టదు. అన్ని సస్తయి" అంది.

నేను అక్కడే నిలబడిపోయాను. మా అమ్మ నా దెబ్బలకు రాసింది అదే. మా ఇంట్లో ప్రతి గోరుకీ అంటిన పచ్చదనం అదే. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను మొక్కల వేర్లల్లో, నీళ్లల్లో, గొట్టాల్లో వెతుకుతున్నాను.

"ఏమయ్యా, గట్ల జూస్తున్నవేంది?" అంది రాజమణి.

 పసుపు డబ్బా పట్టుకుని ఫర్హానా దగ్గరికి పరుగెత్తాను. ఆమె ఒక మూతలో తోడు పరిచి, మధ్యలో చిటికెడు పసుపు వేసి వెచ్చగా పెట్టింది.

మోకాలెత్తు, ఆ తర్వాత

మూతంతా తోడు తెల్లగా అల్లుకుంది. పసుపు పడ్డచోట చుట్టూ మాత్రం బట్టతలలా ఖాళీ.

ఫర్హానా తల పట్టుకుంది. "అన్నా, నా కుండీలల్ల డబ్బ గింజలేసిన. మక్క గింజ ఎట్లయిన పచ్చగనే ఉంటది, మీరు గింజలకు పసుపు వెడ్తరని నాకెట్ల తెలుస్తది? మా ఇంట్ల వెట్టరు గద!"

"మేం పెడ్తమని మాకు మాత్రం గుర్తున్నదా?" అన్నాను. నిజమే. ఊపిరి పీలుస్తామని ఎవరైనా చెప్పుకుంటారా? ఇన్నాళ్లూ యూరియా పోశాం. యూరియాకు ప్రాణం లేదు, పసుపు దాన్నేం చేస్తుంది? ఇప్పుడు ప్రాణమున్నది పోశాం. ఉత్త గింజలు వేసింది ఊరు మొత్తంలో ఒక్క అక్కే.

ఇది రాజమణికి చెప్పడం కంటే గాలి లేని బయటికి నడవడం తేలిక. వదిన ఉత్తరానికి పోకూడదని అందరికంటే గట్టిగా మొక్కుకున్నది ఆమే. ఆ మొక్కుతోనే మరో రెండు దోసిళ్లు పసుపు ఎక్కువ పట్టించిందట. చెప్పాను. తన చేతులు చూసుకుంది. "నా చేతులతోనే వదినెను బండెక్కిస్తున్ననా?" అంది. పక్కన కూర్చున్నాను.

గంజి పంచాయితీ

తోడు చచ్చినచోట కొత్తది మళ్లీ వేయవచ్చునట. గింజకు కాకపోతే మొదలుకు. పైరు జల్లు వేసేలోగా, అంటే కొసన మగ పూత తీసేలోగా, ప్రతి మొక్క మొదట్లో పోస్తే అందుకుంటుందని ఫర్హానా చెప్పింది. కాకపోతే అంత తోడు పెరగాలంటే పీపాలకు పీపాలు గంజి కావాలి. ఊళ్లో గంజి అంటే పొద్దుటి తిండి.

వంటశాలలో అందరినీ కూర్చోబెట్టి గట్టయ్య మామ విన్నాడు. మీసం దువ్వుకున్నాడు.

"మింగ మెతుకు లేదుగని మీసాలకు సంపెంగ నూనె అన్నట్టున్నది మీ యవ్వారం. నోట్లకు లేని గంజి మట్టికి పోద్దామా?"

 రాజమణి లేచింది. నలుగురిలో మాట్లాడే మనిషి కాదు.

"ఆ గింజలకు పసుపు వెట్టింది మేము. మంచి జరగాల్నని వెట్టినం. వదినె చెయ్యి మంచిది గాదన్నరు గద, ఆమె సాళ్లే బతికినయి. మా ఇంటి గంజి నేను పోస్త. మీరు పోసినా పోయకున్నా పోస్త."

"నువ్వొక్కదానివే ఎందుకే?" అని వెనక నుంచి అక్క గొంతు. మూట సర్దుకున్న మనిషి మొదటిసారి బయటికి వచ్చింది. "తిలా పాపం తలా పిడికెడు. పసుపు అందరిండ్లల్లకెల్లి వచ్చింది. గంజి గూడ గట్లనే తలా ఇంత పొయ్యిండ్రి."

కాలవ దగ్గర మాట విసిరినవాళ్లలో ఒకడు లేచి, తల దించుకుని, ముందుగా తన గిన్నె పీపాలో ఒంపాడు. గట్టయ్య మామ అందరి వెనకా నిలబడ్డాడు. తన వంతు వచ్చాక గిన్నెలో ఉన్నది కాకుండా, రేపటిది కూడా తెమ్మని ఇంటికి మనిషిని పంపాడు.

జల్లు

తోడు పులిసి, వాన పడ్డ మట్టి వాసన వేసింది. ఇక్కడ పుట్టిన మాకు వాన తెలియదు, ఆ వాసన అదేనని ఫర్హానా పుస్తకాల్లో చదివి చెప్పింది. నిజమో కాదో గానీ నాకు నచ్చింది. ఊరంతా చెంబులు పట్టుకుని మొదలు మొదలుకూ పోశాం. అక్క ఇటు నుంచి, రాజమణి అటు నుంచి. పొద్దుటి పూట గంజి లేక అందరికీ కడుపులు గోల పెడుతున్నా చెంబుల చప్పుడులో వినపడలేదు.

కింది ఆకులు ఎలాగూ పోయాయి. పై ఆకులు నల్లబడ్డాయి. గోడవార సాళ్లంత కాదు గానీ, మా మక్కకు మళ్లీ మొహం కళకట్టింది.

జల్లు వేసింది. ఇక్కడ గాలి వీయదు కాబట్టి పుప్పొడి రాలాలంటే మనమే గాలి కావాలి. కర్ర పట్టుకుని పొద్దున్నే సాలు సాలుకూ తడుతూ పోతున్నాం. నా తలంతా పసుపు పొడి. "ఇది వెడ్తె ఏం గాదు గదా?" అని రాజమణి అడిగింది. గంజి పంచాయితీ తర్వాత ఆమె నవ్వడం ఇదే మొదలు.

కోత

కంకులు ఒలిచాం, ఎండబెట్టాం, గరిసెలో పోశాం. పోస్తున్నంతసేపూ అక్క అటు చూడలేదు. చాటతో పొట్టు చెరుగుతూ కూర్చుంది. ఆఖరి బుట్ట నేనే పోశాను. 

గీతకు జానెడు కింద ఆగింది.

 ఉన్న ఆ కాస్త యూరియాతో సగం గరిసె నిండినా గొప్పే అనుకున్న పంట ఇది. అయినా గీత గీతే. జానెడు తక్కువ అంటే ఎన్ని పూటలో అందరికీ తెలుసు. అక్క చాట పక్కన పెట్టి, చీర దులుపుకుని లేచింది. "బండి ఎప్పుడు మామా?" అని అడిగింది.

గట్టయ్య మామ విత్తనానికని ఒలవకుండా దాచిన కంకి ఒకటి నన్ను అడిగి తీసుకున్నాడు. గింజ గీరి చూశాడు. మడిలోకి వెళ్లి కోసేసిన మోడు ఒకటి పీకాడు. వేళ్లకు మట్టి ముద్దగా పట్టుకుని ఉంది. దులిపాడు, రాలలేదు.

"ఈ తోడు ఈ మట్టిల ఉంటదా బిడ్డా, మల్ల పంటదాక?" అని ఫర్హానాను అడిగాడు.

"ఉంటది మామా. ఈ మోడ్లు గూడ మట్టిల కలిపితె పెరుగుతది. మల్ల పంటకు గంజి గింత అక్కెర లేదు. ఈసారి మొదటి నుంచే ఆకు నల్లగుంటది."

"పూటకో గరిటె తగ్గిస్త" అంది రాజమణి. "గంజి లేకుంటనే ఉన్నం గద మామా, గరిటె తక్కువైతె సస్తమా?"

ఆయన నిచ్చెన తెప్పించాడు. ఆ వయసులో వద్దన్నా వినకుండా గరిసెలోకి దిగి, భుజం మీది తువ్వాలు తడిపి, ఎర్ర గీతను రుద్ది రుద్ది చెరిపేశాడు. గింజల మట్టానికి కొత్త గీత గీసి పైకి చూశాడు.

"నేనే గీసిన గద. దేవుడు గీసిండా ఏంది?"

అక్క అక్కడే కూలబడింది. రాజమణి ఆమె మీద పడి ఏడ్చింది. నేను గరిసె వైపు తిరిగి నిలబడ్డాను, కళ్లలో పొట్టు పడిందని చెప్పడానికి. ఎవరూ అడగలేదు.

మళ్లీ విత్తనాలు

పసుపు మానేస్తే ఊరుకునేవాళ్లా మా ఆడవాళ్లు? నిన్న మడి గడపకు పూశారు, బుట్టలకు పూశారు, నాగలి యంత్రానికి పూశారు, అడ్డం వచ్చిన నా చొక్కాకు కూడా పూశారు. గింజకు మాత్రం తగలనివ్వలేదు. ఆ తర్వాత గంజినీళ్లతో, బూడిదతో చేతులు తోముకున్నారు. గోళ్ల సందుల పచ్చదనం పోయేదాకా ఒకరి చేతులు ఒకరు చూసి మరీ తోముకున్నారు.

ఇవాళ పొద్దున మడి గట్టు మీద వరసగా నిలబడ్డారు. అక్క అలవాటుగా గోడవారకు పోబోయింది. రాజమణి చెయ్యి పట్టుకుని ఆపి, నడి సాలు మొదట్లోకి లాక్కొచ్చింది.

"తొలి గింజ నువ్వెయ్యాలె వదినె."

"పిచ్చిదానివా? నేనేందే, నా చెయ్యి..." అని అక్క ఆగిపోయింది. రాజమణి తన రెండు చేతులూ చాపింది. ఆ పక్కావిడ చాపింది. గట్టంతా చేతులు చాచారు. ఒక్క చేతికీ పసుపు లేదు. ఏ చెయ్యి ఎవరిదో, ఎవరికి భర్త ఉన్నాడో, ఎవరికి లేడో చూసి చెప్పేవాళ్లు లేరు.

అక్క అందరి చేతులూ చూసింది. తన చెయ్యి చూసుకుంది. తర్వాత బుట్టలోంచి గింజ తీసుకుని సాలులో వేసి, పాదంతో మట్టి కప్పింది.